ఆన్ కాని ల్యాప్‌టాప్: సర్వీస్ సెంటర్‌కా, ఎస్పీ రోడ్డుకా?

మడివాళ_పీజీ
అందరికీ నమస్కారం. నాది టైప్-సీ చార్జింగ్ ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్, వారంటీ అయిపోయింది. రాత్రి దాకా బాగానే పనిచేసింది. పొద్దున బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. చార్జింగ్ లైటు రాదు, ఫ్యాన్ తిరగదు. రూమ్మేట్ చార్జర్ పెట్టినా అంతే. సర్వీస్ సెంటర్ వాళ్ళు కౌంటర్ దగ్గరే చూసి మదర్‌బోర్డు పోయింది, మార్చాలి, 38 వేలు అన్నారు. ఇక్కడ బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఒకాయన చిప్ లెవల్‌లో, అంటే బోర్డు మార్చకుండా పాడైన చిన్న భాగాన్నే మార్చి, నాలుగు వేల లోపే చేస్తానన్నారు, కానీ మెషీన్ వదిలి వెళ్ళమన్నారు. ఇంటర్న్‌షిప్ రిపోర్టు మొత్తం అందులోనే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ ఇవ్వాలి?

జేపీనగర్77
రూమ్మేట్ చార్జర్ అంటే ఫోన్‌దా, ల్యాప్‌టాప్‌దా?

మడివాళ_పీజీ
ల్యాప్‌టాప్‌దే. 65 వాట్లు.

బోర్డుపని
38 వేలు కట్టొద్దు తమ్ముడూ. మాది మదనపల్లి, ఎస్పీ రోడ్డు పక్క సందులో బోర్డు రిపేర్లు చేస్తాను. లైటు రాలేదంటే బోర్డు మొత్తం పోయినట్టు కాదు. టైప్-సీలో చార్జర్ ముందు 5 వోల్టులే ఇస్తుంది. మెషీన్ అడిగాకే 20 వోల్టులు వదులుతుంది. ఆ అడిగే చిప్పు పాడైనా, లోపల మెయిన్ లైను మీద ఒక్క కెపాసిటర్ షార్టయినా మెషీన్ ఇలాగే పడి ఉంటుంది. మల్టీమీటర్ పెడితే షార్టు ఉందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఉంటే బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్ పోసి, బయటి సప్లై నుంచి 1 వోల్టు దాకా ఎక్కిస్తాం. షార్టయిన చోటు వేడెక్కి, స్పిరిట్ అక్కడ ముందు ఆరిపోతుంది. చూస్తే ఆవగింజంత కెపాసిటర్. దాన్ని తీసి కొత్తది వేస్తే అయిపోయే పనికి బోర్డే మార్చమంటారా?

కోరమంగళ_బాబాయ్
ఇవన్నీ తర్వాత. చార్జర్ తీసేసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకున్నావా?

వైట్‌ఫీల్డ్_అడ్మిన్
నేను సర్వీస్ సెంటర్‌కే ఓటేస్తాను. మా ఆఫీసులో మెషీన్లన్నీ నేనే చూసుకుంటాను కాబట్టి చెబుతున్నాను. సెంటర్ వాళ్ళు కౌంటర్లో సోల్డరింగ్ పెట్టుకోరు, నిజమే. కానీ మార్చిన భాగానికి వారంటీ రాసిస్తారు, జీఎస్టీ బిల్లు ఇస్తారు, రేపు మళ్ళీ ఆగిపోతే నిలదీయడానికి ఒక కాగితం ఉంటుంది. చిప్ లెవల్ పని ఎవరు చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. నా సొంత ల్యాప్‌టాప్ ఒకసారి ఓ చిన్న షాపులో ఇస్తే 16 జీబీ ర్యామ్‌తో వెళ్ళింది, 8 జీబీతో తిరిగొచ్చింది. అడిగితే ‘ఇచ్చినప్పుడు అంతే ఉంది సార్’ అన్నారు. రుజువు ఏముంది నా దగ్గర?

బోర్డుపని
ఒక షాపువాడు ర్యామ్ తీస్తే వీధి వీధంతా దొంగలేనా అన్నా? మేం రోజంతా సోల్డరింగ్ పొగ పీల్చి బతికేవాళ్ళం. మీ సెంటర్ వాళ్ళు బోర్డు మారిస్తే డేటా సంగతేంటో కూడా చెప్పండి మరి. ఈ పిల్లాడి రిపోర్టు అందులోనే ఉందంటున్నాడు కదా.

కోరమంగళ_బాబాయ్
తమ్ముడూ, 30 సెకన్లు నొక్కావా లేదా?

మడివాళ_పీజీ
నొక్కాను బాబాయ్. ఏమీ రాలేదు.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్
బాబాయ్ గారూ, ఆ చిట్కా బ్యాటరీ బయటికి వచ్చే పాత మెషీన్లకు. ఇప్పుడు బ్యాటరీ లోపలే ఉంటుంది. చార్జర్ తీసినా బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. నొక్కితే ఏం ఖాళీ అవుతుంది?

కోరమంగళ_బాబాయ్
ఏం ఖాళీ అవుతుందో నాకు తెలుసు బాబూ. లోపల ఈసీ అని చిన్న కంట్రోలర్ ఉంటుంది. పవర్ బటన్, చార్జింగ్, ఫ్యాన్ అన్నీ దాని చేతిలోనే. అది బిగుసుకుపోతే మెషీన్ చచ్చినట్టే కనిపిస్తుంది. చాలా మోడళ్ళలో బటన్‌ను అంతసేపు నొక్కితే ఆ ఈసీ రీసెట్ అయ్యేలా తయారుచేసినవాళ్ళే పెట్టారు. కొన్ని థింక్‌ప్యాడ్‌లకు అడుగున సూది పట్టే రంధ్రం ఇచ్చింది కూడా ఇందుకే. మీరు ఖాళీ చేయడం గురించే ఆలోచిస్తున్నారు.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్
కొన్ని మోడళ్ళలో అన్నమాట ఒప్పుకుంటాను. అన్నింట్లో అనొద్దు. లోపల బ్యాటరీ కనెక్టర్ పీకితేనే గట్టి రీసెట్.

కోరమంగళ_బాబాయ్
అన్నింట్లో అని నేనెక్కడన్నాను? పైకెళ్ళి చదవండి.

పెరంబూర్_వాసి
చెన్నైలో మాకూ రిచీ స్ట్రీటా, కంపెనీ సెంటరా అని ఇదే గొడవ. ఫాలో అవుతున్నా.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్
బోర్డుపని గారూ, డేటా అడిగారు కదా. ఫైళ్ళన్నీ ఉండే ఎస్‌ఎస్‌డీ డిస్క్ విడి ముక్కగా ఉంటే బోర్డు మార్చినా డేటా ఎక్కడికీ పోదు. కాకపోతే విండోస్ 11లో చాలా మెషీన్లలో ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకు తాళం, తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. ఆ తాళం బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్పుతో ముడిపడి ఉంటుంది కాబట్టి కొత్త బోర్డు వేయగానే ఆ తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడే మెషీనైతే కీ మామూలుగా అందులోనే ఉంటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మెషీన్లన్నీ నీలం తెర చూపించినప్పుడు ఒక్కో మెషీన్ ముందు కూర్చుని ఈ అంకెలే కొట్టాం. కీ ఉంటే భయం లేదు.

నెల్లూరమ్మాయి
ఇందాకటి నుంచీ చదువుతున్నాను. బిల్లు, బోర్డు, బటన్ అన్నీ మాట్లాడారు. ఆన్ కాని మెషీన్ ఇస్తే పాస్‌వర్డ్ ఎందుకు అడుగుతారో ఒక్కరూ చెప్పలేదు.

నాకు జరిగింది చెబుతాను. అది చిన్న షాపు కాదు, రసీదు ఇచ్చే, ఏసీ ఉన్న సెంటరే. పాస్‌వర్డ్ అడిగి, స్టిక్కర్ మీద రాసి, ల్యాప్‌టాప్ మూత మీద అంటించారు. లోపలికి వెళ్ళేవాడూ వచ్చేవాడూ చదివేలా. తిరిగి తీసుకున్నాక రీసెంట్ ఫైల్స్ చూస్తే నా ఫొటోలు వరుసగా తెరిచి ఉన్నాయి. కీబోర్డు బాగుచేయడానికి మా అక్క పెళ్ళి ఫొటోలూ, నా ఫొటోలూ ఎందుకు తెరవాలి? జీఎస్టీ బిల్లు నా దగ్గర ఇప్పటికీ ఉంది అడ్మిన్ గారూ. దాంతో ఏం చేసుకోను?

బోర్డుపని
చూశారా! పెద్ద సెంటర్ల బండారం ఇదీ. అందుకే మా దగ్గరికి రమ్మనేది.

నెల్లూరమ్మాయి
మీ షాపులో స్టిక్కర్ అంటించరా?

బోర్డుపని
అంటిస్తాం మేడమ్. బెంచి మీద పాతిక మెషీన్లు ఉంటే ఏది ఎవరిదో ఎలా గుర్తుంటుంది? పాస్‌వర్డ్ లేకపోతే టెస్టింగ్ ఎలా? ఆన్ చేసి ఇచ్చేస్తాం, ఇంటికెళ్ళాక వైఫై రాలేదనో, కెమెరా రాలేదనో మళ్ళీ మా మీదే పడతారు.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్
టెస్టింగ్‌కి పాస్‌వర్డ్ అక్కర్లేదు. చాలా మెషీన్లలో ఆన్ అవగానే ఎఫ్2 గానీ ఎఫ్12 గానీ నొక్కితే కంపెనీ డయాగ్నస్టిక్స్ వస్తాయి. పెన్‌డ్రైవ్‌లో విండోస్ లాంటిదే ఉబుంటు అనే వేరే సిస్టమ్ వేసుకుని దాన్నుంచే బూట్ చేస్తే కెమెరా, వైఫై, టచ్‌ప్యాడ్, స్పీకర్ అన్నీ చూడొచ్చు. కస్టమర్ విండోస్‌లోకి అడుగే పెట్టక్కర్లేదు.

బోర్డుపని
వేలిముద్ర సెన్సార్ చాలా మెషీన్లలో ఉబుంటులో పనిచేయదు. డ్రైవర్ గొడవలు అందులో కనిపించవు. ఆఫీసులో కూర్చుని చెప్పడం తేలికే.

జేపీనగర్77
గెస్ట్ అకౌంట్ ఒకటి పెట్టి ఇచ్చేస్తే సరిపోతుంది కదా.

నెల్లూరమ్మాయి
ఆన్ కాని మెషీన్‌లో గెస్ట్ అకౌంట్ ఎలా పెడతారండీ?

బోర్డుపని గారూ, నేను మిమ్మల్ని దొంగ అనడం లేదు. పక్కన కూర్చుని చూస్తాను అంటే ఒప్పుకుంటారా? అది చెప్పండి చాలు.

బోర్డుపని
ఒప్పుకోను. ఎందుకంటే అదే మమ్మల్ని దొంగ అనడం. సెంటర్‌లో అద్దాల గది వెనక్కి మెషీన్ తీసుకెళ్తే మీరెవరూ నోరెత్తరు. సంతకం పెట్టి వచ్చేస్తారు. మా సందులోకి వచ్చేసరికి స్క్రూలు లెక్కపెడతారు, వీడియో తీస్తారు, నెత్తి మీద నిలబడతారు. చదువుకోలేదనే కదా? నేను డిప్లొమా ఫెయిలయ్యాను. కానీ మీ సెంటర్లు చెత్తలో వేయమన్న బోర్డులను లేపి ఇచ్చాను. ఆ సంగతి ఎవరూ రాయరు.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్
చదువు మాట ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

బోర్డుపని
ఎత్తక్కర్లేదు. ‘చిన్న షాపు’ అన్నప్పుడే అర్థమైంది.

నెల్లూరమ్మాయి
సెంటర్‌లోనూ నోరెత్తాలనే నేను అంటున్నాను. మీరు మీ గౌరవం గురించి బాధపడుతున్నారు, అది న్యాయమే. నా భయం నాది. ఒక్క రాత్రి మెషీన్ ఎవరి దగ్గరో ఉంటే ఏం కాపీ అయిందో జన్మలో తెలియదు. ర్యామ్ పోతే కొనుక్కోవచ్చు.

కోరమంగళ_బాబాయ్
అమ్మాయి చెప్పింది నిజం. తమ్ముడూ, నువ్వు ఎస్‌ఎస్‌డీ తీసి ఇంట్లో పెట్టుకుని మెషీన్ ఇవ్వు. వెనక మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ పీకు, ఆ తర్వాతే ఎస్‌ఎస్‌డీ స్క్రూ. బ్యాటరీ ఉబ్బి ఉంటే చెయ్యి పెట్టొద్దు, నొక్కొద్దు, అలాగే మూసేయ్. కనెక్టర్ తీసినప్పుడు బటన్ కూడా ఓ 30 సెకన్లు నొక్కు.

మడివాళ_పీజీ
అప్‌డేట్. బాబాయ్ చెప్పినట్టే చేశాను. కనెక్టర్ తీసి బటన్ నొక్కాను, మళ్ళీ పెట్టి చూశాను, మెషీన్ లేవలేదు. ఎస్‌ఎస్‌డీకి ఒక్కటే స్క్రూ. తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే అడ్మిన్ గారన్నట్టే కీ అడిగింది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే ఉంది. రిపోర్టు దొరికింది. మెషీన్ మాత్రం ఎస్పీ రోడ్డు ఆయనకే ఇచ్చాను, ఎస్‌ఎస్‌డీ లేకుండా. ఏమీ అనలేదు, పాస్‌వర్డూ అడగలేదు. చార్జింగ్ లైను మీద కెపాసిటర్ షార్టట. ఇప్పుడు ఆన్ అవుతోంది.

బోర్డుపని
చెప్పాను కదా తమ్ముడూ, కెపాసిటరే అని. ఎస్‌ఎస్‌డీ లేకుండా ఇస్తే నేనూ తీసుకుంటాను. దానికి అభ్యంతరం ఎప్పుడూ లేదు.

పెరంబూర్_వాసి
మరి మ్యాక్ అయితే? అందులో ఎస్‌ఎస్‌డీ ఊడదు కదా.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్
ఊడదు. ఎం1, ఎం2 మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది, ఎన్‌క్రిప్షన్ ఆ చిప్పుతోనే ముడి. బోర్డు మారిస్తే డేటా పోయినట్టే. బ్యాకప్ లేకపోతే ఆ బోర్డునే బతికించాలి. ఈ ఒక్క విషయంలో బోర్డుపని గారి దారే దారి.

నెల్లూరమ్మాయి
అంటే సరిగ్గా ఆ మెషీన్‌లోనే డిస్క్ ఇంట్లో పెట్టుకోవడం కుదరదు. మొత్తం వాళ్ళ చేతిలో పెట్టాలి, అందులోనూ రిపేరు చూసేది డేటా కోసమే. అప్పుడు ఏం చేస్తారు బోర్డుపని గారూ?

బోర్డుపని
మ్యాక్‌కి పాస్‌వర్డ్ నాకు వద్దు. ఆన్ అయ్యాక ఫోన్ చేస్తాను. మీరే వచ్చి కొట్టుకోండి, మీ హార్డ్‌డిస్క్‌లోకి మీరే కాపీ చేసుకోండి, అయ్యేదాకా బెంచి దగ్గరే కూర్చోండి. విండోస్ మెషీన్లకు మాత్రం కూర్చోనివ్వను.

నెల్లూరమ్మాయి
మ్యాక్‌కి కుదిరింది విండోస్‌కి ఎందుకు కుదరదు? ఆన్ అయ్యాక ఫోన్ చేయండి, నేనే వచ్చి పాస్‌వర్డ్ కొడతాను, వైఫై, కెమెరా మీ ముందే చూసుకుంటాను. స్టిక్కర్ అవసరమే రాదు.

బోర్డుపని
పాతిక మందికి పాతిక ఫోన్లు చేయాలా మేడమ్?

నెల్లూరమ్మాయి
డబ్బు తీసుకోవడానికి రమ్మని ఎలాగూ పాతిక ఫోన్లు చేస్తారు కదండీ.