గెస్ట్ లెక్చరర్‌గా వారానికి రెండే క్లాసులు: పిల్లలకు దగ్గరయ్యేదెట్లా?

రెండో_పీరియడ్ (ప్రశ్న):

స్టాటిస్టిక్స్ పరిచయం పేపరు. వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 50 నిమిషాలు, సెక్షన్‌లో 60 మంది. సెమిస్టర్ మొదలై మూడు వారాలైంది. గెస్ట్ ఫ్యాకల్టీ కాబట్టి కూర్చోడానికి గది లేదు, క్లాసవగానే ఇంకో కాలేజీకి పరుగు. "అర్థమైందా?" అంటే అందరూ ఒక్క గొంతుతో "అయింది సార్" అంటారు. పేపర్లు దిద్దుతుంటే తెలుస్తుంది ఎంత అయిందో. పేర్లు పదో పన్నెండో వచ్చాయి. రెగ్యులర్ వాళ్లకైతే పిల్లలు కారిడార్‌లోనో ల్యాబ్‌లోనో రోజూ ఎదురుపడతారు. మనకున్నది ఈ 100 నిమిషాలే. "కలుపుగోలుగా ఉండండి" లాంటి సలహాలు వద్దండీ, రేపు క్లాసులో చేయగలిగినవి చెప్పండి.

సుద్దముక్క:

ముందు పేర్ల సంగతి తేల్చుకోండి. మూడు వారాలైనా ఆలస్యమేం కాలేదు.

తలా ఒక ఎ4 కాగితం ఇచ్చి, పొడుగు అంచులు రెండూ కలిసేలా మడిచి, ఇంటి కప్పులా బెంచి మీద నిలబెట్టమనండి. పేరు రెండు వైపులా ఉండాలి, లేకపోతే వెనకవాళ్లకు ముందువాళ్ల పేరు తెలియదు. లావు మార్కరుతోనే రాయించండి. బాల్‌పెన్నుతో రాస్తే మూడో వరస దాటాక మీకు కనిపించదు. పలచటి కాగితం ఫ్యాను గాలికి పడిపోతుంది, అందుకని కింది అంచులు ఒక సెంటీమీటరు లోపలికి మడిపించండి. క్లాసు అయ్యాక వాటిని మీరే వెనక్కి తీసుకోవాలి. ఇంటికి తీసుకెళ్లనిస్తే వచ్చే క్లాసుకు సగం కూడా తిరిగిరావు.

మరుసటి క్లాసుకు రోల్ నంబర్ల వరసన 15 చొప్పున నాలుగు దొంతులు చేసి గుమ్మం పక్క బల్ల మీద పెట్టండి. ఒకే దొంతి పెడితే అక్కడే ఐదు నిమిషాలు తోపులాట. వచ్చినవాళ్లు తమది తీసుకుంటారు, మిగిలిపోయినవి ఆబ్సెంటీలవి. హాజరు పిలిచే పనీ తప్పుతుంది. అరవై పేర్లూ ఒకేసారి బట్టీ పట్టకండి. క్లాసుకు ఎనిమిది పేర్లు, ఆ రోజు ప్రశ్నలన్నీ ఆ ఎనిమిది మందినే పేరుతో అడగండి. నాలుగు వారాల్లో అందరూ అయిపోతారు.

రెండోది, చీటీలు. ఎ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే 15 కాగితాలతో క్లాసంతటికీ సరిపోతుంది. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు పాఠం ఆపేసి ఒకటే అడగండి: "ఈరోజు చెప్పినదాంట్లో మీకు ఎక్కడ మసకగా ఉంది?" ఇది పాత పద్ధతే. హార్వర్డ్‌లో స్టాటిస్టిక్స్ చెప్పిన ఫ్రెడరిక్ మోస్టెల్లర్ 1989లోనే దీని గురించి రాశారు, కాబట్టి మీ సబ్జెక్టు సొత్తే అనుకోండి. పేరు రాయమనకండి. పేరు ఉంటే "అంతా బాగా అర్థమైంది సార్" అన్న ముక్క తప్ప ఇంకేం రాదు.

అరవై చీటీలు చదవడానికి పది నిమిషాలు చాలు, బస్సులో కూడా అయిపోతుంది. ఎక్కువమంది తట్టుకుపడిన చోటు ఒక దొంతి, విడివిడి సందేహాలు ఇంకొకటి, "ఏం లేవు" అన్నవి మూడోది. మొదటి దొంతికి జవాబు మరుసటి క్లాసు మొదటి నాలుగు నిమిషాల్లో చెప్పాలి. చెప్పేముందు ఒక చీటీ యథాతథంగా చదివి వినిపించండి. ఈ పద్ధతి చెడేది సరిగ్గా ఇక్కడే: చీటీలు తీసుకుని జవాబు చెప్పకపోతే రెండు మూడు సార్లకే ఖాళీ కాగితాలు రావడం మొదలవుతుంది.

నాలుగు_వేళ్లు:

పైన చెప్పినదానికి జోడింపు. "అర్థమైందా?" అనే మాట నాలుక మీద నుంచి తీసేయండి. దానికి "అయింది" అనడం పిల్లలకు మర్యాద, మీకు సమాచారం కాదు.

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో ఒకసారి ఫోన్‌లో రికార్డు పెట్టి వినండి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో క్లాసులు రికార్డు చేసి చూస్తే టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మౌనంగా ఉండేవాళ్లు కూడా నోరు విప్పారు. మూడు సెకన్లు బోర్డు ముందు నిలబడ్డవాళ్లకు యుగంలా అనిపిస్తుంది, మనసులో లెక్కపెట్టుకోవాల్సిందే. జవాబు వచ్చాక కూడా అంతే ఆగండి. వెంటనే "గుడ్" అన్నారా, మిగతావాళ్లు ఆలోచించడం అక్కడితో ఆపేస్తారు.

ఇక అరవై మందితో నడిచే పద్ధతి: హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టినది. క్లిక్కర్లు (జవాబు నంబరు నొక్కే చిన్న రిమోట్లు) అక్కర్లేదు, వేళ్లు చాలు. మీ సబ్జెక్టులోనే ఒకటి:

"పదిమంది రాసిన పరీక్షలో సగటు 46 మార్కులు. సగటు కన్నా తక్కువ వచ్చినవాళ్లు ఎక్కువలో ఎక్కువ ఎంతమంది ఉండొచ్చు? 1) 5, 2) 6, 3) 9, 4) 10."

ఒక నిమిషం ఎవరికి వారే ఆలోచించాలి, మాటల్లేవు. తర్వాత మీరు మూడు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి జవాబు నంబరు వేళ్లతో గుండెకు ఆనించి చూపాలి. చెయ్యి పైకెత్తితే పక్కవాడిని చూసి మార్చేస్తారు. సరైన జవాబు 30 శాతం లోపు ఉంటే చర్చ దండగ, మళ్లీ పాఠం చెప్పండి. 70 దాటితే ఒక ముక్కలో వివరించి ముందుకు కదలండి. మధ్యలో ఉంటేనే "వేరే జవాబు చూపినవాళ్లను వెతుక్కుని ఒప్పించండి" అని మూడు నిమిషాలు వదిలి, మళ్లీ వేళ్లు చూపించమనండి. ఏ జవాబుకు ఎన్ని వచ్చాయో మాత్రం చర్చకు ముందు చెప్పకూడదు. చెబితే ఎక్కువ ఓట్లున్న వైపు అందరూ ఒరిగిపోతారు.

5 అన్నవాళ్లు సగటునూ మధ్యగతాన్నీ (మార్కులు వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చే విలువ, మీడియన్) కలిపేసుకున్నట్టు. 10 అన్నవాళ్లు అందరూ సగటు కన్నా కింద ఉంటే మొత్తం 460 ఎలా వస్తుందో ఆలోచించనట్టు. తొమ్మిది మందికి 40, ఒక్కరికి 100 వేసి బోర్డు మీద కూడితే 460 వస్తుంది, తగువు తీరిపోతుంది. తప్పు ఆప్షన్లు ఊహించి రాయకండి, సుద్దముక్క గారు చెప్పిన చీటీల్లోంచి ఏరండి. ఒక్కో ప్రశ్నకు ఎనిమిది నిమిషాలు పడుతుంది, 50 నిమిషాల క్లాసులో రెండు మించి పెట్టకండి.

చివరి_బెంచి:

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, గంటకింత అని తీసుకునేవాళ్లకు క్లాసు బయటి సమయం ఎవరూ ఇవ్వరు. పిల్లలకు దగ్గరవడం పేరుతో సొంత ఫోన్ నంబరు ఇచ్చేవాళ్లే ఎక్కువ, రాత్రి పదకొండింటికి "సార్ ఇంపార్టెంట్ క్వశ్చన్స్" అని మెసేజ్ వచ్చాక నాలుక్కరుచుకుంటారు. నంబరు వద్దు. ఈమెయిల్ ఇవ్వండి, పనిదినాల్లో 24 గంటల్లోపు జవాబిస్తానని కోర్సు ప్లాన్ మొదటి పేజీలోనే రాయండి, రాసినట్టే నిలబడండి. రెండు గంటల్లో ఇస్తే ప్రతిసారీ అదే ఆశిస్తారు, మూడు రోజులకు ఇస్తే ఆ మాటకు విలువ పోతుంది.

గది లేకపోతే చోటు ఖాయం చేసుకోండి: క్లాసుకు పది నిమిషాల ముందు, అదే గదిలో, మొదటి బెంచి. క్లాసయ్యాక అంటే మీరు పరిగెత్తాలి, వాళ్లకూ ఇంకో క్లాసు ఉంటుంది. "ఎప్పుడైనా రండి" అంటే ఎవరూ రారు. చీటీలో రెండుసార్లు ఒకే తప్పు కనిపిస్తే "వచ్చేసారి పది నిమిషాలు ముందొస్తే ఈ ఒక్క లెక్క చూద్దాం" అని క్లాసులో చెబితే నలుగురైదుగురు వస్తారు.

దిద్దడం దగ్గరే అసలు నష్టం. 60 పేపర్లు, ఒక్కోటి పది నిమిషాలంటే పది గంటలు. మొదటి పది పేపర్లు చూసి, పదే పదే వచ్చే తప్పులు ఏడెనిమిది కాగితం మీద నంబర్లేసి రాసుకోండి: 1 సగటుకు బదులు మధ్యగతం, 2 ప్రమాణాలు (యూనిట్లు) రాయలేదు, ఇలా. పేపరు మీద ఆ నంబరు మాత్రమే వేయండి, ఆ పట్టిక జిరాక్స్ అందరికీ ఇవ్వండి. మిగిలిన సమయంలో పేపరు చివర పేరు పెట్టి ఒక్క వాక్యం: "లెక్క సరే, ఈ సంఖ్యకు అర్థమేంటో కూడా రాయి." పిల్లలు మార్కుల పక్కన వెతుక్కునేది దాన్నే.

ఐదో వారంలో పేర్లు లేకుండా మూడు ప్రశ్నలు అడగండి: ఏది కొనసాగించాలి, ఏది ఆపాలి, ఏది కొత్తగా మొదలుపెట్టాలి. సెమిస్టర్ చివరి ఫీడ్‌బ్యాక్ మీదే మళ్లీ పిలుస్తారో లేదో ఆధారపడే చోట అప్పటిదాకా ఆగడం తెలివితక్కువ. అలాగని మార్కులు ధారాళంగా వేసి మంచిపేరు కొనుక్కోవద్దు, ఫైనల్ పరీక్షలో బయటపడిపోతుంది.

రెండో_పీరియడ్:

అందరికీ థాంక్స్. చీటీలు నిన్న పెట్టి చూశాను. 54 వచ్చాయి, 31 మంది "డౌట్స్ ఏం లేవు" అనే రాశారు. ఒక చీటీలో మాత్రం పాఠంతో సంబంధం లేకుండా "ఇంట్లో బాగాలేదు, చదవలేకపోతున్నా" అని ఉంది. పేరు లేదు. ఏం చేయాలి?

సుద్దముక్క:

31కి కంగారుపడకండి, మొదటిసారి అంతే. అడిగే తీరు మార్చండి: "డౌటు ఉందా" అన్నట్టు కాకుండా "పరీక్షలో ఈ పాఠం నుంచి ఏ ప్రశ్న రాకూడదని కోరుకుంటారు?" అనండి. దానికి అందరి దగ్గరా జవాబు ఉంటుంది.

ఇంటి సంగతి రాసిన ఆ చీటీని చదివి వినిపించకండి, చేతిరాత పోల్చి ఎవరో కనిపెట్టే ప్రయత్నం కూడా వద్దు, నమ్మకం పోతుంది. రేపు క్లాసు మొదట్లో అందరికీ కలిపి "పాఠం కాని ఇబ్బంది ఉన్నవాళ్లు పేరు, రోల్ నంబరు రాసి మడిచి ఇవ్వొచ్చు, నేను తప్ప ఎవరూ చూడరు, కానీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం నా దగ్గరే దాచుకోను" అని చెప్పండి. అంతకు ముందే కాలేజీ కౌన్సెలర్ ఎవరో, ఎక్కడ, ఏ వేళల్లో దొరుకుతారో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి బోర్డు మూలన రాసి ఉంచండి. కౌన్సెలర్ లేకపోతే హెచ్‌ఓడీని అడగండి, ఈ పని ఎవరు చూస్తారని. మీరే కౌన్సెలింగ్ మొదలుపెట్టకండి, వారానికి రెండుసార్లు వచ్చేవాళ్లు మధ్యలో వదిలేయాల్సి వస్తుంది. మీ చేతిలో ఉన్నది అసైన్‌మెంట్ గడువు, అవసరమైతే అది పొడిగించండి.

చివరి_బెంచి:

ఇంకొకటి. చీటీ ఇవ్వని ఆ ఆరుగురు ఎవరో పేర్ల కాగితాలతో తెలియదు, రోజూ వచ్చినా చీటీ ఇవ్వకపోవచ్చు. కానీ వరసగా రెండు క్లాసులు ఎవరి కాగితం గుమ్మం దగ్గరే మిగిలిపోయిందో చూసి, ఆ సాయంత్రమే వాళ్లకు రెండు లైన్ల ఈమెయిల్ పెట్టండి: "రెండు క్లాసులు రాలేదు. మంగళవారం పది నిమిషాలు ముందొస్తే మిస్సయింది చూద్దాం." ఎందుకు రాలేదని అడగొద్దు.