బెల్టు పెట్టుకున్నా ఆరని సీటు బెల్టు లైటు – పాత కారు, కాస్త సాయం చేయండి

ఏలూరు కాలువగట్టు:
అందరికీ నమస్కారమండి. 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2025 మొదట్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రెండు నెలలుగా ఒకటే గోల. బెల్టు పెట్టుకున్నా మీటరు బోర్డులో ఎర్ర బెల్టు బొమ్మ ఆరడం లేదు. కాస్త వేగం అందుకోగానే టింగ్ టింగ్ మొదలు. వెనక కూర్చున్న మా అమ్మ "ఒరేయ్, ఎవరో పిలుస్తున్నట్టుంది చూడు" అంటుంది.

ఇంకో చిత్రం. పొద్దున్న తీస్తే తప్పకుండా వెలుగుతుంది. ఆఫీసు దగ్గర ఎండలో పెట్టి మధ్యాహ్నం తీస్తే ఒక్కోసారి అసలు ఉండదు. వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు మాత్రం గ్యారంటీ.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే "బకిల్ (బెల్టు కొస గుచ్చే గూడు) పోయింది, వైరింగు కూడా మార్చాలి, పదకొండు వేలవుతుంది" అన్నారు. సీటు కిందకి తొంగి కూడా చూడలేదు. మా బావమరిదేమో "యాభై రూపాయల క్లిప్పు దొరుకుతుంది, బకిల్‌లో పెట్టేస్తే నోరు మూసుకుంటుంది" అంటున్నాడు. ఏం చేయమంటారు?

పాలకొల్లు పాతబండి:
మీ బావమరిది గారికి ఒక ప్రశ్న. అసలు బెల్టు నాలుక, అదే బకిల్‌లో గుచ్చే ఇనప ముక్క, పెడితేనే ఆరని లైటు, దాని నకలు పెడితే ఎలా ఆరుతుందండీ? క్లిప్పు పనిచేసేది బకిల్ బాగున్న బండిలో. మీ బండిలో అది కూడా దండగే.

పైగా ఆ క్లిప్పు పెట్టాక అసలు బెల్టు పెట్టుకునే చోటు ఉండదు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకు వీటిని తీసేయమని ఉత్తర్వులిచ్చింది. 13 వేల పైచిలుకు లిస్టింగులు తీసేశారు. కొందరు సీసా మూత తీసే ఓపెనరని పేరు మార్చి అమ్మేవాళ్లు కూడా. బెల్టు లేకుండా దొరికితే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా ఎలాగూ ఉంది.

రిపేరు సంగతి నాకు తెలియదు. మాస్టారు వస్తారు, ఆగండి.

స్క్రూడ్రైవర్ మాస్టారు, తెనాలి:
వచ్చానయ్యా. ముప్పై ఏళ్లు ఆటో ఎలక్ట్రికల్ పనిచేశాను, ఇప్పుడు కళ్లు సహకరించక మానేశాను. నోరు మాత్రం పనిచేస్తోంది.

ముందు ఏ లైటో ఖాయం చేసుకోండి. బెల్టు అడ్డంగా వేసుకున్న మనిషి బొమ్మ అయితే బెల్టు లైటు. మనిషి ముందు గుండ్రటి బంతిలాంటిది ఉంటే అది ఎయిర్‌బ్యాగ్ లైటు, దాని వైద్యం వేరు. మీరు చెప్పినదాన్నిబట్టి మొదటిదే.

రెండోది, మీ 2014 బండిలో ఈ హెచ్చరిక చాలామటుకు డ్రైవరు సీటుకే ఉంటుంది. పక్క సీటుకు కూడా తప్పనిసరి చేసింది 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లకు. కాబట్టి వెతకాల్సింది ఒక్క సీటు కిందే.

ఇప్పుడు అసలు విషయం. బకిల్ లోపల అగ్గిపుల్ల తల కన్నా కాస్త పెద్ద స్విచ్ ఒకటి ఉంటుంది. దాని నుంచి రెండు సన్నటి వైర్లు సీటు కిందకి దిగి ఒక చిన్న ప్లగ్గులో కలుస్తాయి. అక్కణ్ణుంచి కార్పెట్ కింద మీటరు బోర్డు వైపు పోతాయి. అంతే కథ. మీ కాలం నాటి మామూలు హ్యాచ్‌బ్యాక్‌లలో నేను ఎక్కువగా చూసింది ఏమిటంటే, బెల్టు తీసినప్పుడు స్విచ్ కలిసి ఉంటుంది, లైటు వెలుగుతుంది. నాలుక లోపలికి వెళ్లగానే స్విచ్ విడిపోతుంది, లైటు ఆరుతుంది. ఉల్టాగా పనిచేసే బండ్లూ ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరే ఈ స్విచ్‌ని చూసుకునే బండ్లూ ఉన్నాయి. మీది ఏ రకమో మాన్యువల్‌లోనో, తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరో కనుక్కుని మొదలెట్టండి. మొదటి రకమైతే ఇలా చేయండి.

తాళం తీసేయండి. బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగండి. మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ రాసి ఉంటే అంతసేపూ ఆగాలి. సీటు వెనక్కి జరిపి టార్చి వేసి చూడండి. పసుపు రంగు ప్లగ్గు గానీ పసుపు తొడుగు వైరు గానీ కనిపిస్తే దాని జోలికి పోవద్దు, వైర్లు పరీక్షించే మల్టీమీటరు అసలే పెట్టొద్దు. అది ఎయిర్‌బ్యాగుకో, గుద్దుకున్నప్పుడు బెల్టుని బిగించే ప్రిటెన్షనర్‌కో పోతుంది. అందులో మందు ఉంటుంది నాయనా, దీపావళి మందులాంటిదే.

బకిల్ నుంచి వచ్చే రెండు వైర్ల ప్లగ్గు మాత్రం ఊడదీసి, బ్యాటరీ మళ్లీ తగిలించి, తాళం తిప్పండి. లైటు ఆరిపోయిందా, లోపం ప్లగ్గు నుంచి సీటు వైపున్న భాగంలో ఉంది. ఆరలేదా, కార్పెట్ కింద వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది, లేదా ఎలుక కొరికింది. మా వైపు రెండోది తక్కువేం కాదు.

తర్వాత ఆ మల్టీమీటరుని ఓమ్స్‌లో, అంటే నిరోధం కొలిచే చోట పెట్టి, సీటు వైపు ప్లగ్గు రెండు పిన్నుల మధ్య చూడండి. బెల్టు తీసి ఉంటే సున్నాకి దగ్గర రావాలి. పెడితే ఓపెన్, అంటే దారి తెగిపోయినట్టు చూపించాలి. ఆ రెండూ రాసి పెట్టండి.

కూకట్‌పల్లి సిగ్నల్:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది 2020 బండి. పక్క సీట్లో ఎవరూ లేకపోయినా టింగ్ టింగ్. కూరగాయల సంచి గానీ ల్యాప్‌టాప్ బ్యాగు గానీ పెడితే చాలు. ఈమధ్య ఖాళీ సీటుకి కూడా మొదలైంది. ఇదీ అదేనా?

స్క్రూడ్రైవర్ మాస్టారు, తెనాలి:
కాదమ్మా. మీకు సీటు కుషన్ లోపల బరువు తెలిసే చాప ఉంటుంది. సంచిని మనిషి అనుకుంటోంది, అది దాని తప్పు కాదు. సంచి కింద పెట్టండి. ఖాళీ సీటుకి మోగుతున్నప్పుడు పక్క బెల్టు పెట్టి చూడండి. ఆగిపోతే చాపదే లోపం. ఈమధ్య కొత్త సీటు కవర్లు వేయించారా? బిగించి కట్టిన కవరు ఆ చాపని నొక్కేస్తుంది.

కూకట్‌పల్లి సిగ్నల్:
అయ్యో, సంక్రాంతికి వేయించాను! ఇప్పుడే వెళ్లి వదులు చేయిస్తా.

డల్లాస్ పక్కింటబ్బాయి:
మీ సంచి కథ వింటుంటే గుర్తొచ్చింది. ఇక్కడ అమెరికాలో 1974 మోడల్ కార్లకి బెల్టు పెడితే గానీ ఇంజను స్టార్ట్ కాకూడదని రూలు పెట్టారు. పక్క సీట్లో కిరాణా సంచి పెట్టినా, కుక్క కూర్చున్నా కారు కదిలేది కాదు. జనం గోలపెడితే ఆ ఏడాది అక్టోబరులోనే కాంగ్రెస్ ఆ రూలు ఎత్తేసింది. ఆ లెక్కన మనవాళ్లవి మంచి కార్లండి, మోగుతాయి గానీ మొరాయించవు.

ఏలూరు కాలువగట్టు:
మాస్టారూ, మాది మీరు చెప్పిన మొదటి రకమేనని మా వీధి చివర ఎలక్ట్రీషియన్ చెప్పాడు. ఆదివారం పొద్దున్నే పట్టాను. పసుపు ప్లగ్గు ఒకటి ఉంది, ముట్టుకోలేదు. రెండు వైర్లది తెల్ల ప్లగ్గు. అది ఊడదీస్తే లైటు ఆరిపోయింది.

మీటరు పెట్టాను. బెల్టు తీసినప్పుడు 0.4. పెట్టినప్పుడు ఓపెన్ రావడం లేదు. 600 అంటుంది, 900 అంటుంది, మళ్లీ 450 అంటుంది. ఒక చోట నిలవడం లేదు. అంటే వర్క్‌షాపువాళ్లు చెప్పినట్టు బకిల్ పోయినట్టేగా? ఆర్డరు పెట్టేయనా?

స్క్రూడ్రైవర్ మాస్టారు, తెనాలి:
ఆగండాగండి. డబ్బు తొందర పడొద్దు.

స్విచ్ లోపల ఇరుక్కుపోతే మీటరు సున్నాకి దగ్గరే చూపిస్తుంది. బాగుంటే ఓపెన్ చూపిస్తుంది. నాట్యమాడే అంకె వచ్చిందంటే అది రాగి రాగికి తగలడం కాదు, మధ్యలో తడి, తుప్పు ఉన్నట్టు. మీరు మొదటి రోజే చెప్పారు, పొద్దున్న వెలుగుతుంది, ఎండలో పెడితే ఆరుతుంది, కడిగిస్తే గ్యారంటీ అని. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆ తెల్ల ప్లగ్గు లోపల టార్చి వేసి చూడండి. పచ్చగా ఏమైనా పట్టిందా?

పట్టి ఉంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనరని స్ప్రే డబ్బా దొరుకుతుంది, అది కొట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. అదీ బ్యాటరీ తీసి ఉన్నప్పుడే. ఇంజనాయిలూ కొబ్బరినూనే వద్దు. బాగా ఆరనిచ్చి మళ్లీ మీటరు పెట్టండి. అప్పటికీ అంకె ఆడుతుంటే బకిల్ లోపలికి కూడా రెండు సార్లు కొట్టి, నాలుకని ఓ ఇరవై సార్లు పెట్టి తీయండి. చిల్లర నాణేలూ బిస్కెట్ ముక్కలూ బయటపడిన సందర్భాలు కూడా నాకు తెలుసు.

ఇంకో పని కూడా చేయండి. డ్రైవరు బెల్టుని చివరికంటా, ఇక రాదనేదాకా బయటికి లాగి, రీలుకి దగ్గరగా ఉండే ఆ చివరి మూరెడు ఎలా ఉందో చూడండి. ఎందుకో తర్వాత చెబుతా.

ఏలూరు కాలువగట్టు:
ప్లగ్గు నిండా పచ్చదనమే మాస్టారూ, చెరువులో నాచులా. తోమాను, ఆరబెట్టాను. ఇప్పుడు బెల్టు పెడితే ఓపెన్, తీస్తే 0.3. లైటు ఆరింది! బకిల్ జోలికే పోలేదు.

కానీ బెల్టు లాగి చూశాక మనసు బాగాలేదు. పైన బూడిదరంగు, చివరి మూరెడు మాత్రం టీ డికాక్షన్‌లో ముంచి తీసినట్టుంది. గీత గీసినట్టు ఒక అంచు కూడా ఉంది. చేత్తో రుద్దితే సన్నటి మట్టి రాలింది. ఇదేంటి?

స్క్రూడ్రైవర్ మాస్టారు, తెనాలి:
బండి ఎక్కడ కొన్నారు?

ఏలూరు కాలువగట్టు:
విజయవాడలో, ఒక బ్రోకరు ద్వారా. 2025 ఫిబ్రవరిలో. పాత ఓనరు సింగ్‌నగర్ వైపు ఆయన.

(రెండు నిమిషాల తర్వాత)
మాస్టారూ... బుడమేరు?

స్క్రూడ్రైవర్ మాస్టారు, తెనాలి:
అనే నా అనుమానం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లూ బండ్లూ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. తర్వాత కడిగి, సీట్లు షాంపూ కొట్టించి, సెంటు పూసి అమ్మినవి లేకపోలేదు. సీట్లు కడుగుతారు, డ్యాష్‌బోర్డు తుడుస్తారు, బెల్టుని మాత్రం చివరికంటా లాగి ఎవరూ కడగరు. అందుకే పాత కారు చూడ్డానికి వెళ్తే నేను ముందు బానెట్ ఎత్తను, బెల్టు లాగుతాను.

ఇప్పుడేం చేయాలో చెబుతా. సీటు కింద కార్పెట్ అంచు ఎత్తి, దాని కింద స్పాంజిని చేత్తో నొక్కి చూడండి. తడిగా ఉంటే మళ్లీ రెండు నెలలకి అదే ప్లగ్గు, అదే పచ్చదనం, అదే టింగ్ టింగ్. కార్పెట్ మొత్తం తీయించి ఎండలో వేయాల్సిందే. ఎండకి మన దగ్గర కరువు లేదుగా. పనిలో పనిగా ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుందేమో చూపించండి, లోపలికి తడి దాన్నుంచి కూడా వస్తుంది.

ఆ డ్రైవరు బెల్టుని ఒక్కసారి గట్టిగా కుదిపి లాగండి. టక్కున పట్టేయాలి. వదిలితే తనంతట తానే రీలులోకి పోవాలి. రెండిట్లో ఏది సందేహంగా ఉన్నా బెల్టు కొత్తదే వేయించండి. ఆక్సిడెంటు బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ బెల్టు ఎవరిచ్చినా తీసుకోవద్దు, ఊరికే ఇచ్చినా సరే. పసుపు ప్లగ్గుల సంగతి స్కానరు, అంటే కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం, ఉన్నవాళ్లకి వదిలేయండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరుతోందా? అసలు వెలగకపోతే అది ఇంకా చెడ్డ సంగతి, బల్బు పీకేసి అమ్మి ఉండొచ్చు.

పాలకొల్లు పాతబండి:
బ్రోకరుని నిలదీయండి ముందు. పాత ఇన్సూరెన్సు క్లెయిము ఏమైనా ఉందేమో, కంపెనీ సర్వీసు రికార్డులో 2024 సెప్టెంబరు తర్వాత ఏం రాశారో అడిగి తీసుకోండి. కాగితం చేతిలో ఉంటేనే మాట.

ఏలూరు కాలువగట్టు:
పది రోజుల తర్వాత రాస్తున్నా. కార్పెట్ కింద స్పాంజి పిండితే నీళ్లొచ్చాయండి. ఏసీ గొట్టం కూడా మట్టితో పూడుకుపోయింది. అది శుభ్రం చేయించి, కార్పెట్ మేడ మీద నాలుగు రోజులు ఎండబెట్టాను. మా అమ్మ వడియాలకి చోటు లేదని తిట్టింది. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరుతోంది, స్కాన్ చేయిస్తే కోడ్లేమీ రాలేదు. బెల్టు మాత్రం కుదిపితే మూడుసార్లకి ఒకసారి పట్టుకోలేదు. కొత్తది ఆర్డరు పెట్టాను, వచ్చేదాకా బండి బయటికి తీయను. బ్రోకరు ఫోను ఎత్తడం లేదు. సర్వీసు రికార్డుకి అర్జీ పెట్టాను.

బెల్టు లైటు ఈ పది రోజుల్లో మళ్లీ వెలగలేదు. మా బావమరిది ఆ క్లిప్పు అప్పటికే కొనేశాడట. సోడా మూతలు బాగా వస్తున్నాయంటున్నాడు.