ఇంగ్లాండ్‌లోని ఫ్లాటును అద్దెకిచ్చి హైదరాబాదు వెళుతున్నాం: లెట్టింగ్ ఏజెంటును ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న (రెడింగ్ నుంచి)

నమస్కారం. రెడింగ్‌లో రైల్వే స్టేషనుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో మాకు రెండు పడకగదుల ఫ్లాటు ఉంది. అది లీజ్‌హోల్డ్ (భవనం వేరొకరిది, ఫ్లాటు మీద దీర్ఘకాల లీజు హక్కు మాది), మార్ట్‌గేజ్ ఇంకా కడుతున్నాం. నాన్నగారి ఆరోగ్యం కుదురుగా లేనందువల్ల నేనూ మావారూ వచ్చే వేసవికి హైదరాబాదు వెళ్ళి, రెండు మూడేళ్ళపాటు అక్కడే ఉండాలని నిశ్చయించుకున్నాం. ఫ్లాటును అమ్మే ఉద్దేశం లేదు. తిరిగి వచ్చాక మేము ఉండవలసింది అందులోనే. కనుక ఈలోగా దాన్ని అద్దెకిచ్చి, బాగోగులు చూసే బాధ్యతను ఒక లెట్టింగ్ ఏజెంటుకు అప్పగించాలి.

ఇప్పటికి ముగ్గురితో మాట్లాడాం. మొదటివారు నెలకు 1,650 పౌండ్లు ఖాయమని, పూర్తి నిర్వహణకు తమకు 8 శాతం చాలని అన్నారు. రెండవవారు 1,500 కంటే ఎక్కువ ఆశించవద్దని చెప్పి, 12 శాతం అడిగారు. మూడవది ఆన్‌లైన్ సంస్థ. ఒకేసారి కొంత రుసుము తీసుకుని, అద్దెదారును వెతికి ఇవ్వడంతో తన పని ముగిస్తుంది. వీరిలో ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి ఏమేమి అడగాలో, ఏ కాగితాలు చూడాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1 (స్లౌలో ఫ్లాటు ఉన్న యజమాని, ప్రస్తుతం విజయవాడ)

నమస్కారమండీ. మీరు దేశంలో ఉండరు కాబట్టి ఆన్‌లైన్ సంస్థను ముందే పక్కన పెట్టవచ్చు. ఊళ్ళోనే ఉండి, ప్లంబరును తానే పిలిపించుకోగల యజమానికి ఆ పద్ధతి సరిపోతుంది. చలికాలంలో రాత్రిపూట బాయిలర్ ఆగిపోతే హైదరాబాదు నుంచి మీరు చేయగలిగింది చాలా తక్కువ.

మిగిలిన ఇద్దరి విషయంలో, ముందుగా శాతాల మీద వ్యాట్ కలిసి ఉందో లేదో అడగండి. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం ఏజెంటు తన రుసుములన్నింటినీ పన్నుతో కలిపి కార్యాలయంలోనూ వెబ్‌సైటులోనూ ప్రదర్శించాలి. అయినా మాటల్లో మాత్రం చాలామంది వ్యాట్ లేని అంకెనే చెబుతారు. వ్యాట్ 20 శాతం కాబట్టి 12 శాతమన్నది 14.4 అవుతుంది, 8 శాతమన్నది 9.6 అవుతుంది. అద్దె 1,500 అనుకుంటే ఇద్దరికీ మధ్య తేడా నెలకు 72 పౌండ్లు. ఫ్లాటు ఒక్క నెల ఖాళీగా ఉంటే దాదాపు 21 నెలల తేడా ఆ ఒక్క దెబ్బతో పోతుంది. కనుక ఎక్కువ అద్దె చెప్పి మిమ్మల్ని ఆకట్టుకునేవారి వల్ల, ఎక్కువ కమిషన్ అడిగేవారి వల్ల కంటే, నష్టం పెద్దది కావచ్చు. పైగా 2026 మే 1 నుంచి ఇంగ్లాండ్‌లో వర్తించే నిబంధనల ప్రకారం, ప్రకటనలో చూపిన అద్దె కంటే ఎక్కువ ఇస్తామని ఎవరైనా ముందుకొచ్చినా తీసుకోకూడదు. అందువల్ల ఆ అంకెను మరీ తగ్గించి చెప్పడమూ నష్టమే. మీ భవనంలో గానీ పక్క భవనాల్లో గానీ ఈమధ్య నిజంగా ఎంతకు ఒప్పందాలు కుదిరాయో చూపించమని ఇద్దరినీ అడగండి. ప్రకటనల్లో కనిపించే ధరలు ఇందుకు సరిపోవు.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది మరమ్మతుల గురించి. ఫ్లాట్ల విషయంలో మీ లెట్టింగ్ ఏజెంటు వేరు, భవనం మొత్తాన్ని ఫ్రీహోల్డరు (భవనం అసలు యజమాని) తరఫున చూసుకునే నిర్వహణ సంస్థ వేరు. మా స్నానాల గదిలోంచి కింది ఫ్లాటులోకి నీరు కారినప్పుడు, పైపు భవనానిదని మా అప్పటి ఏజెంటు, కాదు ఫ్లాటు యజమానిదేనని ఆ సంస్థ వాదించుకుంటూ ఉంటే, కింద ఉన్న కుటుంబం వారాల తరబడి బకెట్లు పెట్టుకుని గడిపింది. ఆ ఏజెంటు వద్ద మా లీజు ప్రతి కూడా లేదు. అందువల్ల లీజు చదివి, ఏ గోడ, ఏ పైపు ఎవరి బాధ్యతో తెలుసుకుని, భవన నిర్వహణ సంస్థతో నేరుగా మాట్లాడే అలవాటు ఉన్న ఏజెంటును ఎంచుకోండి. మిమ్మల్ని అడగకుండా ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చో, పనివారి బిల్లు మీద తమ వంతుగా ఏమైనా కలుపుతారో, ఏడాదికి ఎన్నిసార్లు ఫ్లాటును తనిఖీ చేసి ఫొటోలతో నివేదిక పంపుతారో ఒప్పంద పత్రంలో రాయించుకోండి.

అద్దెకిచ్చే ముందు మార్ట్‌గేజ్ ఇచ్చిన బ్యాంకు అనుమతి, లీజులో ఆ షరతు ఉంటే ఫ్రీహోల్డరు అనుమతి, బీమా మార్పు కూడా తప్పనిసరి. ఈ మూడింటినీ మీరు అడగకముందే గుర్తు చేసిన ఏజెంటు మీద నాకైతే గౌరవం కలుగుతుంది.

జవాబు 2 (లెస్టర్, లెట్టింగ్ కార్యాలయంలో పనిచేసిన అనుభవం ఉంది)

పై జవాబుతో ఏకీభవిస్తూ, కాగితాల సంగతి చెబుతాను. అద్దె సొమ్ము ముందు ఏజెంటు ఖాతాలోకి వెళ్ళి, ఆ తరువాత మీ చేతికి వస్తుంది. ఆ సంస్థ దివాలా తీసినా, సొమ్ము దుర్వినియోగమైనా మీకు రక్షణ ఉండాలి కనుక, ఇంగ్లాండ్‌లో 2019 ఏప్రిల్ 1 నుంచి ప్రతి లెట్టింగ్ ఏజెంటూ క్లయింట్ మనీ ప్రొటెక్షన్ పథకంలో సభ్యత్వం కలిగి ఉండాలి. అలాగే ఫిర్యాదుల పరిష్కారానికి ప్రాపర్టీ అంబుడ్స్‌మన్ వంటి ఆమోదిత పథకంలో చేరి ఉండాలి. ఇది 2014 నుంచి ఉన్న నియమం. ధ్రువపత్రాన్ని చూసి ఊరుకోకుండా, ఆ పథకాల వెబ్‌సైటుకు వెళ్ళి సంస్థ పేరు సభ్యుల జాబితాలో ఉందో లేదో మీరే సరిచూసుకోండి.

అద్దెదారు ఇచ్చే డిపాజిట్ సాధారణంగా ఐదు వారాల అద్దెకు మించకూడదు. దాన్ని 30 రోజుల్లోగా గుర్తింపు పొందిన పథకంలో భద్రపరచాలి. ఏజెంటు ఆ పని మరచిపోయినా, డిపాజిట్‌కు మూడింతల వరకు పరిహారం కట్టమని కోర్టు యజమానినే ఆదేశించవచ్చు. ఏటా జరగవలసిన గ్యాస్ భద్రతా తనిఖీ, ఐదేళ్ళకొకసారి జరిగే విద్యుత్ తనిఖీ, పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కూడా ఇంతే. పని ఏజెంటుకు అప్పగించవచ్చు గానీ, బాధ్యత మాత్రం చాలావరకు మీ పేరు మీదే నిలుస్తుంది. అందుకే ఏ ధ్రువపత్రం గడువు ఎప్పుడు ముగుస్తుందో వారు ఎలా గుర్తుపెట్టుకుంటారో చూపించమని అడగండి. అద్దెదారుకు ఇక్కడ నివసించే హక్కు ఉందో లేదో సరిచూసే బాధ్యతను మాత్రం రాతపూర్వకంగా ఏజెంటుకు బదలాయించవచ్చు. ఆ వాక్యం మీ ఒప్పందంలో ఉండేలా చూసుకోండి.

ఒప్పందంలో పొడిగింపు రుసుము అనే అంశాన్ని నిదానంగా చదవండి. ఏజెంటు తెచ్చిన అద్దెదారు ఉన్నన్నాళ్ళూ, మీరు ఏజెంటును మార్చినా సరే, కమిషన్ కడుతూనే ఉండాలనే షరతులు కొన్ని పత్రాల్లో కనిపిస్తాయి. 2009లో, వినియోగదారుల ప్రయోజనాలు చూసే అప్పటి ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్, ఫాక్స్‌టన్స్ అనే లెట్టింగ్ ఏజెంట్ల సంస్థ మీద వేసిన దావాలో, ఇటువంటి షరతులు ఆ ఒప్పందాల్లో రాసిన తీరులో అన్యాయమైనవని హైకోర్టు తీర్పు చెప్పింది. సంతకానికి ముందే ఆ షరతును తీసివేయమని అడిగే హక్కు మీకు ఉంది. అడిగితే తీసివేసే సంస్థలూ ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారి పరిస్థితిని బట్టి మేము అనుకున్నదానికంటే ముందే తిరిగి రావలసి వస్తే ఫ్లాటు మా చేతికి వస్తుందా? ఏడాది గడువుకు ఒప్పందం రాసుకుంటే సరిపోతుందని మొదటి ఏజెంటు అన్నారు. ఇక్కడి అద్దె మీద పన్ను సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు 2 (లెస్టర్)

ఏడాది గడువుతో సరిపోతుందని ఆయన చెప్పారంటే, ఆ సంస్థ ఇంకా పాత చట్టంలోనే ఆలోచిస్తోందని అర్థం. 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఇటువంటి ఇళ్ళకు నిర్ణీత గడువు ఒప్పందాలు ఉండవు. కారణం చూపకుండా ఖాళీ చేయమనే 21వ సెక్షన్ నోటీసూ ఉండదు. అద్దెదారు మాత్రం రెండు నెలల నోటీసుతో వెళ్ళిపోవచ్చు. మీరే అక్కడ నివసించదలచుకుంటే అది చెల్లుబాటయ్యే కారణమే. కానీ నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి, పైగా మొదటి ఏడాదిలో ఆ కారణంతో వారిని ఖాళీ చేయించలేరు. ఆ కారణం చూపి ఖాళీ చేయించాక 12 నెలలపాటు మళ్ళీ అద్దెకు ఇవ్వకూడదు కూడా. కనుక మొదటి ఏడాదిలోనే తిరిగి రావలసిన అవకాశం గట్టిగా ఉంటే, అప్పటికి వేరే వసతి చూసుకునే ఆలోచనతోనే అద్దెకు ఇవ్వండి. మీరు తరువాత తిరిగి వచ్చే ఉద్దేశంతో ఉన్నారని అద్దెదారుకు మొదటే రాతపూర్వకంగా చెప్పించడం ఇరువైపులా మంచిది.

జవాబు 3 (హౌన్స్‌లో, అకౌంటెంటు)

పన్ను గురించి క్లుప్తంగా చెబుతాను. మీరు ఆరు నెలలు, అంతకుమించి బయట ఉంటే నాన్ రెసిడెంట్ లాండ్‌లార్డ్ పథకం వర్తిస్తుంది. హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) అనుమతి లేకపోతే, ఖర్చులు పోను మిగిలిన అద్దెలో బేసిక్ రేటు పన్నును ఏజెంటు మినహాయించి ఆ శాఖకు కట్టాలి. ఆ అనుమతి కోసం చేసే ఎన్‌ఆర్‌ఎల్1 దరఖాస్తు ఆమోదం పొందితే అద్దె పూర్తిగా మీకు చేరుతుంది. ఆ తరువాత సెల్ఫ్ అసెస్‌మెంట్ ద్వారా మీరే లెక్క చూపాలి. ఫ్లాటు ఇద్దరి పేరు మీద ఉంటే ఇద్దరూ విడివిడిగా దరఖాస్తు చేయాలి. ఇంతకుముందు ఇటువంటి యజమానులకు పనిచేశారా, మూడు నెలలకొకసారి లెక్కలు ఎలా పంపుతారు అని ఏజెంటును అడగండి. ఆ పథకం పేరు వినగానే తడబడే సంస్థను నేనైతే సిఫారసు చేయను.

ఇండియా వైపు, చాలా ఏళ్ళు బయట ఉండి తిరిగి వెళ్ళినవారికి సాధారణంగా కొంతకాలం రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరీలీ రెసిడెంట్ హోదా లభిస్తుంది. ఆ కాలంలో ఇక్కడి అద్దె మీద అక్కడ పన్ను పడదు. ఆ హోదా ముగిశాక మాత్రం ఈ అద్దెను హైదరాబాదులో వేసే రిటర్నులోనూ చూపాలి, ఇక్కడ కట్టిన పన్నుకు రెండు దేశాల ఒప్పందం కింద తగ్గింపు కోరాలి. అందుకు ఏజెంటు ఇచ్చే వార్షిక లెక్కల పత్రం కావాలి. బ్రిటన్ పన్ను సంవత్సరం ఏప్రిల్ 5తో, ఇండియాది మార్చి 31తో ముగుస్తాయి కనుక, నెలవారీ వివరాలు ఇవ్వగలరో లేదో ఇప్పుడే తెలుసుకోండి.