ఆరు బ్రాంచీలకు ఆరు సైట్లా, అన్నీ ఒకేచోటా?

నెల్లూరు మోటార్లు:
అందరికీ నమస్కారం. మాది పంపుసెట్ల వ్యాపారం. నాన్న నెల్లూరు ట్రంకు రోడ్డులో పెట్టిన షాపు ఇప్పుడు గూడూరు, కావలి, కందుకూరు, పొదిలి, కనిగిరి కలుపుకుని ఆరు బ్రాంచీలైంది. ఒక్కో బ్రాంచీ సైటు ఒక్కోసారి ఒక్కొక్కరితో చేయించాం. ఆరు డొమైన్లు (సైటు చిరునామాలు), ఆరు హోస్టింగులు (సైటు ఉంచడానికి అద్దెకు తీసుకునే చోట్లు), ఆరు పాస్‌వర్డ్‌లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, గూడూరు తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ రెండు సైట్లలో జిల్లా పేరు మార్చడానికి నాకు మూడు నెలలు పట్టింది. కందుకూరు సైటు చేసినబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు, లాగిన్ అతని పాత మెయిల్ మీద ఉంది.

అన్నీ ఒకే ప్లాట్‌ఫాం మీదికి తెద్దామని నేనంటున్నా. పొదిలి, కనిగిరి చూసుకునే మా బాబాయి ససేమిరా అంటున్నారు. రోజూ భోజనాల దగ్గర ఇదే పంచాయితీ. మీ అనుభవం చెప్పండి.

కావలి వెబ్ పని:
అన్నా, ఒకచోటికి తెచ్చెయ్యండి. సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో మల్టీసైట్ అని ఉంది, ఒకేచోట నుంచి చాలా సైట్లు నడిపే ఏర్పాటు. 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచీ అది అందులోనే భాగంగా ఉంది. బయటికి ఆరు సైట్లు ఆరుగానే కనిపిస్తాయి, లోపల మాత్రం ఒకటే ఇన్‌స్టలేషన్. ఒక్కసారి అప్‌డేట్ చేస్తే ఆరింటికీ అవుతుంది. డొమైన్లు కూడా మార్చనక్కర్లేదు. 2016లో 4.5 వెర్షన్ వచ్చినప్పటి నుంచి ప్రతి సైటుకూ దాని సొంత డొమైన్ నేరుగా తగిలించుకోవచ్చు. ఇప్పుడు మీ పాత సైట్లలో ఏ పాత ప్లగిన్ (సైటుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం) ఉందో, దాంట్లోంచి ఎవరు దూరారో మీకు తెలిసే దారే లేదు. ఒక కస్టమర్ పాత సైటు నేను తెరిచి చూస్తే ఏవో మందుల ప్రకటనలు నిండి ఉన్నాయి. ఓనరు ఏడాదిగా దాని మొహం చూడలేదు.

పొదిలి నుంచి:
నేను ఒప్పుకోను. మా అన్నదమ్ములకు నాలుగు బట్టల షాపులు. ఇట్టాగే ఒకచోటికి తెచ్చాం. సంక్రాంతికి వారం ముందు ఒక ప్లగిన్ అప్‌డేట్ చేస్తే నాలుగు సైట్లూ ఒకేసారి తెల్ల పేజీలయ్యాయి. విడివిడిగా ఉంటే ఒక్కటే ఆగేది. మల్టీసైట్‌లో సైటు సైటుకూ సమాచారం దాచే టేబుళ్లు విడిగా ఉన్నా డేటాబేస్ ఒక్కటే, యూజర్ల టేబుల్ అందరికీ ఒక్కటే. బాగుచేసిన మనిషికి ఒక్క షాపుదే వెనక్కి తేవడం చేతకాక మొత్తం పాత బ్యాకప్‌కు తిప్పాడు. ఆ వారం మేం ఎక్కించిన చీరల ఫొటోలన్నీ పోయాయి.

అసలు బాధ ఇంకోటి. కనిగిరి, పొదిలి రైతు అడిగేది సబ్‌మెర్సిబుల్ గురించి. బోరు ఎన్ని అడుగులు, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి, అంత లోతు నుంచి ఎత్తాలంటే ఎన్ని స్టేజీల (నీళ్లను పైకి తోసే చక్రాల వరసల) పంపు వెయ్యాలి అని. గూడూరు రొయ్యల రైతుకు ఆ లెక్కతో పని లేదు, ఆయనకు ఏరియేటర్ (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రం) కావాలి. నెల్లూరులో కూర్చుని ఒకరే రాస్తే ఆరింటిలో ఊరి పేరు తప్ప ఇంకేం మారదు. మీ బాబాయి గారి భయం అదే అయ్యుంటుంది.

కావలి వెబ్ పని:
ఊరి పేరు మాత్రం మార్చి పేజీలు నింపడం తప్పే సార్. గూగుల్ వాటిని డోర్‌వే పేజీలంటుంది, దాని స్పామ్ నియమాల్లో ఉంది. కానీ అదే పని ఆరు డొమైన్లలో చేసినా ఆ నియమం వర్తిస్తుంది. కనిగిరి సైటుకు కనిగిరి మనిషినే అడ్మిన్ చెయ్యండి. ధరలు, ఫొటోలు, పేజీలు ఆయన ఇష్టం. కొత్త ప్లగిన్ ఎక్కించడం మాత్రం అన్ని సైట్లనూ చూసుకునే సూపర్ అడ్మిన్ చేతిలోనే ఉంటుంది. ఇక మీకు జరిగినదంటారా, అప్‌డేట్‌ను ముందు కాపీ సైటు మీద వేసి చూడాలి. పండగ ముందు అసలు ముట్టుకోకూడదు. అది చేసినవాళ్ల తప్పు.

పొదిలి నుంచి:
వాళ్ల తప్పే, కాదనను. కానీ నష్టపోయింది మేము. మా ఊళ్లో అంత జాగ్రత్తగా చేసే మనిషి దొరకడు బ్రదర్. దొరికే మనిషిని బట్టే ఏర్పాటు చేసుకోవాలంటాను నేను.

గూడూరు గుంటలు:
కొనేవాడిగా ఒక మాట. కోట దగ్గర మాకు రొయ్యల గుంటలున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, ఏరియేటర్లు ఆగకూడదు. పోయిన వేసవిలో రాత్రి రెండున్నరకు ఒక మోటారు కాలిపోయింది. పిల్లోడు టార్చి పట్టుకుంటే గట్టు మీద కూర్చుని ఫోనులో ఒక షాపు కోసం వెతికాను. గూగుల్ మ్యాప్‌లో ఒక నంబరు, సైటులో ఇంకో నంబరు. మొదటిది మోగి మోగి ఆగింది. రెండోది ఎత్తినాయన నిద్రమత్తులో, నేనక్కడ మానేసి రెండేళ్లయింది సార్ అన్నాడు. అప్పటికే రొయ్యలు పైకి తేలుతున్నాయి. పక్క గుంటవాళ్ల మోటారు తెచ్చి బిగించేసరికి నాలుగయింది. ఎంత పోయిందో ఇక్కడ రాయలేను.

ఒకటి పెట్టుకుంటారో ఆరు పెట్టుకుంటారో మీ ఇష్టం అన్నా. రాత్రి ఎత్తే నంబరు పేజీ పైనే పెద్దగా పెట్టండి. మ్యాప్‌లోనూ అదే ఉండాలి.

ఒంగోలు అకౌంట్స్:
మ్యాప్ సంగతి వచ్చింది కాబట్టి. మ్యాప్‌లో షాపు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (2021 దాకా మై బిజినెస్ అనేవారు) ప్రతి బ్రాంచీకీ విడిగా ఉండాలి, కానీ అన్నీ ఒకే ఖాతా కింద గ్రూపుగా పెట్టుకోవచ్చు. పది, ఆపైన బ్రాంచీలుంటేనే మూకుమ్మడి వెరిఫికేషన్. మీ ఆరూ ఒక్కొక్కటిగా చేసుకోవాలి. కనిగిరి ప్రొఫైల్‌లో లింకు కనిగిరి పేజీకే ఇవ్వండి, నెల్లూరు హోం పేజీకి ఇవ్వకండి.

నెల్లూరు మోటార్లు:
ఇవన్నీ నిన్న రాత్రి బాబాయికి చదివి వినిపించాను. గూడూరు అన్న రాసింది విని చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున ఇద్దరం కూర్చుని మా ఆరు సైట్లలోని నంబర్లకూ ఫోన్ చేశాం. రెండు తప్పు, అందులో ఒకటి గూడూరుది. ఆ రెండు సైట్లకూ లాగిన్ నా దగ్గర ఉంది కాబట్టి టిఫిన్‌కు ముందే మార్చాను. పొదిలి డొమైన్ ఇప్పటికీ సైటు చేసినాయన పేరు మీదే ఉందని కూడా ఇవాళే తెలిసింది. అది మా పేరు మీదికి మార్పించే పని బాబాయి తీసుకున్నారు.

నెల్లూరు, గూడూరు, కావలి, కందుకూరు ముందు ఒకచోటికి తెస్తున్నాం. పొదిలి, కనిగిరి సంగతి ఇంకా తేలలేదు. బోర్ల పేజీ తన మనిషే రాయాలి, నెల్లూరు నుంచి ఎవరూ అందులో వేలు పెట్టకూడదు అన్నారు బాబాయి. నేను సరేనన్నాను.

పొదిలి నుంచి:
మంచిది. చేసే అబ్బాయికి డబ్బులిచ్చే ముందు కావలి సైటు ఒక్కదాన్నే బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి చూపించమనండి, మిగతా మూడూ కదలకుండా. మీ బాబాయి గారు పక్కనే ఉండగా చేయించండి.