చామొమైల్ పూలు మరగబెట్టాలా, వేడినీళ్ళు పోసి మూత పెట్టాలా?

రాజాం కోడలు:
మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి ఎండబెట్టిన చామొమైల్ పూల ప్యాకెట్ తెచ్చింది. రాత్రి భోజనాలయ్యాక తాగుతున్నాం. అత్తయ్య గారు పూలు గిన్నెలో వేసి, గ్లాసున్నర నీళ్ళు అరగ్లాసు అయ్యేదాకా మరగబెడతారు. "నీళ్ళలో ముంచి తీసేస్తే అందులోకి ఏటి దిగుద్ది?" అంటారు. ఆడపడుచేమో స్టవ్ కట్టేశాకే పూలు వేయాలి, మూత పెట్టాలి అంటుంది. మామయ్య గారికి పాలూ పంచదారా పడకపోతే అది టీయే కాదు. ప్యాకెట్ మీద "వేడినీటిలో 5 నిమిషాలు" అని తప్ప ఇంకేం లేదు. ఎవరి పద్ధతి సరైనది?

నాగావళి గట్టు:
నా ఓటు అత్తయ్య గారికే. శొంఠి అయినా ధనియాలైనా సగానికి మరిగితేనే మా ఇంట్లో దాన్ని కషాయం అంటారు. ఎండిపోయిన పువ్వు కూడా ఎండు సరుకే కదా. అంత ఖరీదు పెట్టి కొని, రంగైనా దిగకుండా పారబోయడం నాకు నచ్చదు. ఈ మూత పెట్టడాలు, నిమిషాలు లెక్కపెట్టడాలు అన్నీ టీ బ్యాగుల కంపెనీలు నేర్పినవి.

మందుల కొట్టు, విజయనగరం:
నాగావళి గారూ, కంపెనీలు నేర్పినవి కావండీ, మన ఆయుర్వేదంలోనే ఉంది. కషాయాలు అక్కడ ఐదు రకాలు. పసరు పిండితే స్వరసం, ముద్దగా నూరితే కల్కం, నీళ్ళలో మరిగించి నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో దించితే క్వాథం, చన్నీళ్ళలో రాత్రంతా నానబెడితే హిమం, వేడినీళ్ళు పోసి మూత పెట్టి వడగడితే ఫాంటం. మీరు చెప్పేది క్వాథం. వేళ్ళు, బెరడు, శొంఠిలాంటి గట్టి సరుకుకి అది కావాలి. పువ్వులు, వాసన ఉండే మెత్తటి సరుకుకి ఫాంటమే వాడతారు. కాబట్టి "మన పద్ధతి" అనగానే మరగబెట్టడం ఒక్కటే అనుకోనక్కరలేదు.

ఇక కారణం. చామొమైల్‌కి ఆ ఆపిల్ పండులాంటి వాసన ఇచ్చేది అందులో ఉండే నూనె. అది వందకు ఒక వంతు అటూ ఇటూ ఉంటుంది, అంతే. ఆ నూనెని ఫ్యాక్టరీల్లో ఎలా తీస్తారో తెలుసా? పూల గుండా ఆవిరి పంపి, ఆ ఆవిరిని చల్లబరిచి పట్టుకుంటారు. వేడికి అందులో ఒక పదార్థం మారి నూనె ముదురు నీలంగా వస్తుంది. మరి మీరు మూత లేని గిన్నెలో పావుగంట మరిగిస్తే జరిగేదీ అదే, కాకపోతే మీ ఆవిరిని పట్టుకునేవాళ్ళు లేరు. వంటిల్లంతా ఘుమఘుమలాడిందంటే గ్లాసులో ఆ మేరకు తగ్గినట్టే.

నాగావళి గట్టు:
వాసన సంగతి ఒప్పుకుంటాను. కానీ ఈ పూలలో ఉందని అందరూ గొప్పగా చెప్పే ఎపిజెనిన్ అనే పదార్థం ఆవిరైపోయేది కాదు కదా? మరిగించినా అది నీళ్ళలోనే ఉంటుంది. ఘుమఘుమలు కావలసినవాళ్ళు మూత పెట్టుకోండి, గుణం కావలసినవాళ్ళం మరగబెట్టుకుంటాం.

మందుల కొట్టు, విజయనగరం:
ఈ పాయింటు మీదే, ఎపిజెనిన్ ఎగిరిపోదు. అయితే ఎక్కువసేపు మరిగితే చేదు కూడా దిగుతుంది. ఆ చేదు మింగడానికి రెండు చెంచాల పంచదార పడుతుంది, రాత్రి పూట అదొకటి. చిక్కగా కావాలంటే మంట పెంచడం కాదు, పూలు పెంచండి. ఐరోపా మందుల సంస్థ చెప్పే కొలత 150 మిల్లీలీటర్ల మరిగే నీటికి ఒకటిన్నర నుంచి నాలుగు గ్రాములు. మామూలు టీ బ్యాగులో ఉండేది ఒకటి, ఒకటిన్నర గ్రాములు. దాన్ని పెద్ద కప్పు నీళ్ళలో ముంచి "ఏమీ లేదు" అంటే ఎలా ఉంటుంది మరి! విడి పూలైతే కప్పుకి రెండు పెద్ద చెంచాలు వేసి, కళపెళ మరుగుతున్న నీళ్ళు పోసి, సాసరు బోర్లించి, పది నిమిషాలు వదిలేయండి. మూత తీశాక దానికి పట్టిన నీటి చుక్కలు పారబోయకండి, కప్పులోకే వంచండి. బోరు నీళ్ళైతే ముందు విడిగా బాగా కాచి, ఆ తర్వాతే పూల మీద పోయండి.

బొబ్బిలి బావ:
గుణం గుణం అంటున్నారు, అసలు నిద్ర పడుతుందా లేదా అది చెప్పండి బాబూ.

మందుల కొట్టు, విజయనగరం:
నిద్ర మీద జరిగిన పరీక్షలు చిన్నవి, ఒకదానికొకటి పొంతన లేదు. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు టెన్షన్ ఎక్కువగా ఉన్న రోగుల మీద చేసిన పరీక్షలో కొంత ఉపశమనం కనిపించింది. కానీ వాళ్ళు ఇచ్చింది కాప్స్యూల్స్, టీ కాదు. నా లెక్కలో సగం లాభం, పడుకునే ముందు మామూలు టీ మానేసి కెఫీన్ లేనిది తాగడం వల్లే. అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

గంటస్తంభం వీధి:
ఇక్కడ చామంతుల దండలు కావలసినన్ని దొరుకుతాయి. పూజ అయ్యాక ఆ పూలు ఎండబెట్టి కాస్తే పోలేదా? చైనాలో తాగుతారట కదా.

మందుల కొట్టు, విజయనగరం:
వద్దండీ. అక్కడ తాగేది తినడానికని పెంచిన రకాలు. మన పూల కొట్లలోవి దండల కోసం పెంచినవి, వాటి మీద పురుగుమందు ఎంత కొట్టారో ఎవరికి తెలుసు. అయినా చామొమైల్ వేరే మొక్క. తెల్ల రేకులు, మధ్యలో పసుపు బొడిపె. ఆ బొడిపెని నిలువుగా కోస్తే లోపల డొల్లగా ఉంటుంది. కొన్న ప్యాకెట్ మీద అనుమానం ఉంటే ఒక పువ్వు నానబెట్టి కోసి చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. చామంతి, చామొమైల్, పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ, మూడూ ఒకే కుటుంబం. వయ్యారిభామ తగిలితే ఒళ్ళు దద్దుర్లెక్కేవాళ్ళు, తుమ్ములతో ఇబ్బంది పడేవాళ్ళు ఈ టీ జోలికి పోకపోవడమే మంచిది. కలుపు తీతలకు వెళ్ళే ఆడవాళ్ళు ఇంట్లో ఉంటే తాగించే ముందు ఈ మాట అడగండి.

సోంపేట మాష్టారు:
మరగబెట్టడమా, నానబెట్టడమా అనే గొడవ నాకు లేదు. మా ఉద్దానంలో ఇంటికొకరికి కాకపోయినా వీధికి కొందరికి కిడ్నీ జబ్బు ఉంది. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట ఎవరు ఏ ఆకు, ఏ పువ్వు మంచిదని చెప్పినా నాకు భయమే. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని కొలత ఉంటుంది. ఈ కప్పు కూడా ఆ కొలతలోదే, "టీయే కదా" అని పైన కలపకూడదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది, అక్కడి డాక్టరుకి ఒక మాట చెప్పాకే తాగండి.

మందుల కొట్టు, విజయనగరం:
మాష్టారి మాటకి తోడు ఒకటి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు జాగ్రత్త. 2006లో కెనడా వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. వార్ఫరిన్ మీద ఉన్న 70 ఏళ్ళ ఆవిడ చామొమైల్ టీ బాగా తాగి, అదే పువ్వు లోషన్ కూడా రాసుకుని, లోపల రక్తస్రావమై ఆసుపత్రిలో చేరింది. గుండెకి వాల్వు ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామంది ఈ మాత్ర మీదే ఉంటారు. గర్భిణులు కూడా డాక్టర్ని అడగాలి.

రాజాం కోడలు:
మామయ్య గారు వేసుకునేది బీపీ మాత్ర ఒక్కటే. అయినా డాక్టర్ని అడిగే చెప్తాను. మరి పాల సంగతో?

బొబ్బిలి బావ:
పాలు పోస్తే విరగవు, భయం లేదు. కాకపోతే నీళ్ళలో పూలు దిగాక, వడగట్టి, వేడి పాలు చివర్లో కలపాలి. పూలు పాలల్లోనే వేసి కాస్తే మీగడకి పూల పొట్టు అంటుకుని ఫిల్టర్‌లో దిగదు. పంచదార బదులు తాటి బెల్లం వేసి చూడండి, మామయ్య గారు నోరెత్తరు. తేనె వేసేవాళ్ళు ఏడాది లోపు పిల్లలకి మాత్రం పట్టకండి.

పైడితల్లి జాతర:
తల్లీకూతుళ్ళ గొడవ తీరే దారి నేను చెప్తా. అల్లం ముక్క దంచి నీళ్ళలో వేసి అత్తయ్య గారినే సగానికి మరగబెట్టమనండి. స్టవ్ కట్టేశాక పూలు వేసి ఆడపడుచుని మూత పెట్టమనండి. ఇద్దరి మాటా నెగ్గుతుంది.

నాగావళి గట్టు:
నెగ్గేది అల్లం ఒక్కటే. సగానికి మరిగిన అల్లం నీళ్ళలో ఆ పువ్వు వాసన ఎక్కడ తెలుస్తుంది? ఇందాకటి నుంచి వాసన పోతుందని నామీద పడ్డవాళ్ళు దీనికేమంటారో చూద్దాం. నేను మాత్రం సగానికి కాదు గానీ రెండు పొంగులు రానిచ్చి, అప్పుడే మూత పెడతాను. అంతకన్నా దిగను.