సిమ్యులేటర్ స్కోరు చూసి ఓటీ (ఆపరేషన్ థియేటర్)లోకి పంపాలా?

పీజీ_రెండో_ఏడు: మా కాలేజీలో లాపరోస్కోపీ సిమ్యులేటర్ పెట్టారు, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌కి చెయ్యి అలవాటు చేసుకునే మెషీన్. పెగ్ ట్రాన్స్‌ఫర్ అని, ఆరు ముక్కల్ని ఎడమచేత్తో ఎత్తి గాల్లోనే కుడిచేతికి మార్చి అవతలి వైపు పెట్టాలి, మళ్ళీ వెనక్కి తేవాలి. అయ్యాక టైం ఎంత పట్టింది, పరికరం కొన ఎంత దూరం తిరిగింది అని మెషీన్ లెక్క చెప్తుంది. ఎక్కువ తిరిగిందట. ఎందుకు తిరిగిందో మాత్రం చెప్పదు. ఇదేం ఫీడ్‌బ్యాక్ అండీ?

పాత_కత్తి: మా రోజుల్లో ఫీడ్‌బ్యాక్ అంటే కణుపుల మీద ఆర్టరీ ఫోర్సెప్స్‌తో ఒక్కటి. ఎందుకు పడిందో మాకూ ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. మెషీన్ తిట్టదు, రాత్రి రెండింటికి కూడా విసుక్కోదు. చెయ్యి కుడికి కదిపితే లోపల కొన ఎడమకి పోతుంది, ఆ తిరకాసు అలవాటు కావాలంటే చేస్తూనే ఉండాలి, దానికి గురువు పక్కన నిలబడక్కర్లేదు.

పేట_బుల్లోడు: ఆర్టరీ ఫోర్సెప్స్ 😂 మాకూ పడ్డాయి

పీజీ_రెండో_ఏడు: మూడు వారాలు చేశాను సార్. మోచెయ్యి పైకి లేపేస్తున్నానని చివరికి ఓటీ సిస్టర్ చూసి చెప్పింది. దించాను, ఆ రోజే దూరం తగ్గింది.

లెక్కల_మాస్టారు: నేను డాక్టర్ని కాదు. కానీ 1984లోనే సాల్మనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు రాశారు, ప్రతిసారీ ఫలితం చెప్తూ పోతే నేర్చుకునేవాడు దానికే అలవాటుపడి, అది తీసేశాక తడబడతాడని. అందుకే ప్రతి తప్పుకీ బీప్ వద్దు.

పాత_కత్తి: మాస్టారూ, బీప్ ఊసు ఎవరెత్తారు? తమ్ముడూ, ఒక్క మోచేతి కోసం మెషీనే దండగంటావా?

లెక్కల_మాస్టారు: అసలు చర్చ బీప్ గురించే.

పీజీ_రెండో_ఏడు: దండగ అనలేదు. ఆ స్కోర్ల కాగితం డిపార్ట్‌మెంట్ గోడకి అంటించారు, కింద నుంచి రెండో పేరు నాది. అప్పట్నుంచి గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) కేసుల్లో నన్ను కెమెరా కూడా పట్టుకోనివ్వట్లేదు.

పాత_కత్తి: అదీ సంగతి! ఇంతసేపూ మోచెయ్యి అన్నావు. బల్ల మీద ఉన్నది మనిషి. గాల్‌బ్లాడర్ గొట్టం, అదే సిస్టిక్ డక్ట్ అనుకుని, పేగులోకి పైత్యరసం మోసే పెద్ద గొట్టం కామన్ బైల్ డక్ట్‌కి క్లిప్ వేస్తే జవాబు చెప్పాల్సింది నేను, మెషీన్ కాదు.

పీజీ_రెండో_ఏడు: ఏ డక్ట్ ఏదో గుర్తుపట్టడం పెగ్ ట్రాన్స్‌ఫర్‌లో ఎక్కడుంది సార్? మెషీన్ వచ్చాక ఆ గదిలోకి మా సార్లు ఒక్కరూ రాలేదు. స్కోరు మాత్రం చూస్తారు.

పాత_కత్తి: ఓపీ, ఓటీ, పైన ఫైళ్ళు. ఎప్పుడు రమ్మంటావు? మెషీన్ రాకముందు రోజూ వచ్చి చూసేవాళ్ళమని నేనూ అబద్ధం చెప్పలేను.

పేట_బుల్లోడు: ముందు ఆ సిస్టర్‌కి జీతం పెంచండి