బోరు మోటార్ స్టార్టర్‌లో సిమ్ మాడ్యూల్: 4జీకే లాక్ చేయాలా, ఆటోలో వదలాలా?

స్టార్టర్_కిట్లు:
బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు తయారు చేస్తున్నాం. లోపల 2జీ, 4జీ రెండూ పట్టే క్యాట్-1 (తక్కువ వేగం 4జీ) మాడ్యూల్. ఇప్పటిదాకా నెట్‌వర్క్ మోడ్ ఆటోలోనే ఉంది. ఊరికి దూరంగా ఉన్న పొలాల్లో అది 2జీకి, 4జీకి మధ్య ఊగుతూ ఎంక్యూటీటీ (సర్వర్‌తో సందేశాలు పంపుకునే పద్ధతి) కనెక్షన్ మాటిమాటికీ తెగుతోంది. ఏపీఎన్ (ఇంటర్నెట్ కోసం పెట్టే ఆపరేటర్ సెట్టింగ్) సరిగ్గానే ఉంది. టీమ్‌లో సగం మంది 4జీకే లాక్ చేద్దామంటున్నారు, మిగతావాళ్లు వద్దంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

ఫర్మ్‌వేర్_శ్రీను:
లాక్ చేయండి, ఆలోచించకండి. ఏ7670సీ లాంటి సిమ్‌కామ్ వాటిలో ఏటీ+సీఎన్‌ఎంపీ=38, క్వెక్టెల్ ఈసీ200యూలో నెట్‌వర్క్ స్కాన్ మోడ్ 3. రెండూ 4జీ ఒక్కటే పట్టమని చెప్పే ఆదేశాలే. ఒకసారి 2జీలోకి జారితే, డేటా నడుస్తున్నంతసేపు చాలా మాడ్యూళ్లు అక్కడే ఉండిపోతాయి, పక్కనే 4జీ ఉన్నా సరే. మారిన ప్రతిసారీ టీసీపీ సెషన్ (సర్వర్‌తో ఉన్న డేటా లింకు) ఆగడమో తెగడమో జరుగుతుంది. ఇంకో సంగతి పవర్ సప్లై. 2జీలో ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు 577 మైక్రోసెకన్ల పాటు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సప్లై బలహీనంగా ఉంటే వోల్టేజీ పడిపోయి మాడ్యూల్ రీసెట్ అవుతుంది. మీరు నెట్‌వర్క్ పోయిందనుకుంటున్న వాటిలో కొన్ని ఇవే కావచ్చు.

అనంత_ఎలక్ట్రానిక్స్:
శ్రీను గారూ, కరెంటు లెక్క నిజమే. కానీ దానికి మందు మంచి కెపాసిటర్, పొట్టి వైరు. నెట్‌వర్క్ మోడ్ కాదు.

అసలు చిక్కు కాల్. మా వైపు రైతులు చాలామంది యాప్ వాడరు. కీప్యాడ్ ఫోన్ నుంచి స్టార్టర్‌కి కాల్ చేసి ఒక అంకె నొక్కుతారు, మోటార్ ఆన్ అవుతుంది. ఆటోలో ఉంటే కాల్ వచ్చినప్పుడు మాడ్యూల్ 2జీకి దిగి ఎత్తుకుంటుంది. 4జీకే లాక్ చేస్తే వోల్టీ (4జీ మీదే నడిచే కాల్) ఉండాలి. ఆ మాడ్యూల్ వేరియంట్‌లో, ఫర్మ్‌వేర్‌లో, ఆపరేటర్ దగ్గర, ఈ మూడింటిలో ఏ ఒక్కచోట వోల్టీ పనిచేయకపోయినా కాల్ రానే రాదు. జియోకి 2జీయే లేదు కాబట్టి అక్కడ లాక్ చేయాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. మిగతా సిమ్‌లతో మాత్రం వోల్టీ చూడకుండా లాక్ చేస్తే రైతు చేతిలోంచి స్విచ్ లాక్కున్నట్టే.

ఫర్మ్‌వేర్_శ్రీను:
కాల్‌తో మోటార్ నడిపే పద్ధతి ఎన్నాళ్లండీ? ఎం2ఎం (యంత్రాల కోసం ఇచ్చే) సిమ్‌కి మారితే నంబరే 13 అంకెలు. పైగా డాట్ (కేంద్ర టెలికాం శాఖ) నిబంధనల ప్రకారం కాల్, ఎస్సెమ్మెస్ ముందే నమోదు చేసిన కొద్ది నంబర్లతోనే. కొడుకు ఫోన్ నుంచో, కౌలుదారు ఫోన్ నుంచో చేస్తే పనిచేయదు. డేటా మీదే డిజైన్ చేయాలి.

పొలం_గట్టు:
నేను ఇంజనీర్‌ని కాదు, స్టార్టర్ వాడే ఇంటివాణ్ని. నాన్నకు 70 దాటాయి. ఆయన యాప్ నేర్చుకోరు, నేర్చుకోవాలని అడగడం కూడా న్యాయం కాదు. రాత్రిపూట పాముల భయంతో పొలానికి వెళ్లకుండా ఉండటానికే కదా ఇది కొన్నది. కాల్ పోతే మాకు ఆ డబ్బాతో పనేముంది? మీరు ఏ మోడ్ పెట్టినా నాన్న ఫోన్ నొక్కితే మోటార్ తిరగాలి.

అనంత_ఎలక్ట్రానిక్స్:
అదీ మాట.

ఆర్ఎఫ్_లక్ష్మి:
లాక్ చేసేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. ఈ సెట్టింగ్ కరెంటు పోయి వచ్చినా మాడ్యూల్‌లో నిలిచి ఉంటుంది. టవర్‌లో 4జీ ఆగిపోతే ఆ స్టార్టర్ అలా మూగగానే ఉంటుంది, దాన్ని మార్చే ఆదేశం పంపడానికీ దారి ఉండదు. బ్యాండ్ (సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీ) సంగతి కూడా చూడండి. ఏ7670సీలో బ్యాండ్ 28 లేదు. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 700 మెగాహెర్ట్జ్‌లో, అంటే సరిగ్గా ఆ బ్యాండ్‌లో వచ్చే ఊళ్లో 4జీకి లాక్ చేస్తే, ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తున్నా మాడ్యూల్‌కి ఏమీ దొరకదు.

ముందు కొలవండి. సీఎస్‌క్యూ (మామూలు సిగ్నల్ అంకె) ఒక్కటే చూస్తే 4జీలో సంగతి తెలీదు. ఏటీ+సీపీఎస్‌ఐ? అడిగితే ఏ బ్యాండ్, ఆర్‌ఎస్‌ఆర్‌పీ (4జీ సిగ్నల్ బలం) ఎంత అన్నీ చెబుతుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 115 డీబీఎం దగ్గర, అంటే బాగా బలహీనంగా, ఆడుతుంటే ఏ మోడైనా ఊగుతుంది. చాలాచోట్ల కారణం ఇనుప డబ్బా లోపల పెట్టిన యాంటెన్నా. బయటికి తీయండి, సగం గొడవ అక్కడే పోతుంది.

నేనైతే ప్రతి బూట్‌లో మోడ్‌ను ఫర్మ్‌వేరే పెట్టేలా రాస్తాను. వోల్టీ పనిచేస్తోందని తేలిన సిమ్ అయితేనే ముందు 4జీ. అయిదు నిమిషాల్లో సీఈరెగ్ (4జీలో నమోదు అయిందో లేదో చెప్పే ఆదేశం) 1 గానీ 5 గానీ రాకపోతే, అంటే నమోదు కాకపోతే, ఆటోకి దిగాలి. 3 వస్తే మాత్రం మోడ్ మార్చి లాభం లేదు, నెట్‌వర్క్ తిరస్కరించినట్టు. సిమ్ యాక్టివేషన్, ప్లాన్ చూడాలి. ఇంకోటి, త్రీ ఫేజ్ రాగానే ఒకే ఫీడర్ మీదున్న స్టార్టర్లన్నీ ఒక్కసారే టవర్ మీద పడతాయి. అందుకే ఒక్కోదానికి కొన్ని సెకన్ల తేడాతో ఆలస్యం పెట్టండి.

ఫర్మ్‌వేర్_శ్రీను:
వెనక్కి దిగే దారి ఉండాలన్నది ఒప్పుకుంటాను. కానీ అయిదు నిమిషాలు తక్కువ. టవర్ రీస్టార్ట్ అయితే చాలు, ఊళ్లోని డబ్బాలన్నీ 2జీలోకి పోయి మళ్లీ అక్కడే కూర్చుంటాయి. ఆటోకి దిగాక గంటకోసారి 4జీ వెతికే కోడ్ లేకపోతే ఇది లాక్ కంటే ఏమీ మెరుగు కాదు.

ఆర్ఎఫ్_లక్ష్మి:
గంటకోసారి సరే, కానీ మోటార్ నడుస్తున్నప్పుడు వద్దు. ఆ వెతికే సమయంలో ఆపమని కాల్ వస్తే అందదు.

స్టార్టర్_కిట్లు:
పది డబ్బాలకు యాంటెన్నా బయటికి తీసి, సీపీఎస్‌ఐ లాగ్ పెడుతున్నాం. ఆ సిమ్‌తో వోల్టీ కాల్ వస్తుందో లేదో కూడా ఈ వారమే చూస్తాం. కాల్ రాకపోతే లాక్ ఆలోచన వదిలేస్తాం. లాగ్ ఇక్కడే పెడతాను.